కాంట్ ‘క్రిటిక్’: పీజీ విద్యార్థులకు కేంబ్రిడ్జ్ ఎడిషన్ ఎంతవరకు పనికొస్తుంది?

ఎమ్మేలోనో పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లోనో జర్మన్ తత్వవేత్త కాంట్ మీద పేపర్ తీసుకున్నవాళ్లు ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది: ‘క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్’ ఏ అనువాదంలో చదవాలి? పాల్ గైయర్, ఆలెన్ వుడ్ కలిసి చేసిన అనువాదాన్ని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ 1998లో వేసింది. దాదాపు 800 పేజీల పుస్తకం. చదవడానికి కష్టమే, కానీ సెమినార్‌కీ థీసిస్‌కీ ఇదే కొనమంటాను.

కారణం పుస్తకం పుట్టుకలోనే ఉంది. కాంట్ దీన్ని 1781లో ఒకసారి వేశాడు. 1787లో ముందుమాటను, ట్రాన్సెండెంటల్ డిడక్షన్‌ను (కేటగిరీలు, అంటే బుద్ధికి సొంతమైన మూల భావనలు, మన అనుభవానికి వర్తిస్తాయని నిరూపించే అధ్యాయం), ఆత్మ గురించిన తప్పు తర్కాలను విమర్శించే పారలాజిజమ్స్‌లో చాలా భాగాన్ని కొత్తగా రాసి రెండోసారి వేశాడు. మొదటి ముద్రణను ‘ఏ’ అనీ రెండోదాన్ని ‘బీ’ అనీ అంటారు. పరిశోధన వ్యాసాల్లో ఏ పేజీ, బీ పేజీ నంబర్లే ఇస్తారు తప్ప అనువాదం పేజీ నంబరు ఎవరూ ఇవ్వరు. కేంబ్రిడ్జ్ ఎడిషన్‌లో ఈ నంబర్లు మార్జిన్‌లో ఉంటాయి. తిరగరాసిన అధ్యాయాలు రెండు రూపాల్లోనూ పూర్తిగా, ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి. నెట్‌లో ఉచితంగా దొరికే మీకిల్‌జాన్ అనువాదం 1855 నాటిది, రెండో ముద్రణ మీద ఆధారపడింది. గైడ్ ఏ 99 తీయమంటే ఆ పుస్తకంలో తీయడానికి ఏమీ ఉండదు.

నార్మన్ కెంప్ స్మిత్ 1929లో చేసిన అనువాదం ఇంగ్లీషు హాయిగా సాగుతుంది, ఏ, బీ నంబర్లూ ఉన్నాయి. తొలి పరిచయానికి దాన్ని నిరభ్యంతరంగా చదవొచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆయన కాంట్ పొడుగు వాక్యాలను విరగ్గొట్టాడు. డిడక్షన్‌లో ఒక ఉపవాక్యం ఏ పదానికి చెందుతుందన్నదే చాలాసార్లు వాదానికి ప్రాణం. విరగ్గొట్టిన చోట ఆ నిర్ణయం అనువాదకుడే తీసేసుకుంటాడు, మనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. గైయర్, వుడ్ వాక్యాన్ని వీలైనంతవరకు వాక్యంగానే ఉంచారు. అందుకే కొన్ని వాక్యాలు పేరా అంత ఉంటాయి. పెన్సిలుతో ముందు ప్రధాన క్రియ కింద గీత గీయండి, తర్వాత ఉపవాక్యాలకు నంబర్లు వేయండి, ‘ఇది’, ‘అది’ అన్న ప్రతిచోటా అది దేన్ని సూచిస్తోందో పక్కన రాయండి. డిడక్షన్‌లో రోజుకు ఎనిమిది పది పేజీలకు మించి ఇలా చదవడం కుదరదు, చదవకూడదు కూడా.

ఈ ఎడిషన్ విలువ బీ డిడక్షన్‌లో తెలుస్తుంది. సెక్షన్ 15 నుంచి 27 వరకు నడిచే వాదం సెక్షన్ 20కి వచ్చేసరికి ముగిసినట్టే కనిపిస్తుంది: ఇచ్చిన ఇంట్యూషన్‌లోని (వస్తువును నేరుగా అందుకునే గ్రహణంలోని) వైవిధ్యమంతా కేటగిరీల కిందికి వస్తుందని కాంట్ తేల్చేస్తాడు. కానీ వెంటనే సెక్షన్ 21లో, బీ 144 దగ్గర, ఇప్పటికి ఆరంభం మాత్రమే అయిందంటాడు. మొదటి మెట్టు ఇంట్యూషన్ గురించి సాధారణంగా మాట్లాడుతుంది. సెక్షన్ 26లో రెండో మెట్టు మనకు దేశకాలాల్లో (స్పేస్, టైమ్‌లలో) దొరికే ఇంట్యూషన్‌కు వస్తుంది. ఈ రెండు మెట్ల నిర్మాణం మీద కాంట్ పండితుడు డీటర్ హెన్రిచ్ 1969లో రాసిన వ్యాసంతో మొదలైన చర్చ ఇంకా ఆగలేదు. విద్యార్థుల పేపర్లలో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు సెక్షన్ 20 దగ్గరే ఆగిపోయి, సెక్షన్ 26ను ఉదాహరణలా వాడేయడం. అలా చేస్తే బీ 160 ఫుట్‌నోట్ చేజారిపోతుంది. దేశానికి (స్పేస్‌కు) ఉన్న ఐక్యతను, పుస్తకం మొదట్లో ఇంద్రియగ్రహణం గురించి చెప్పే ఈస్థెటిక్ భాగంలో, ఇంద్రియశక్తికే చెందినట్టు చెప్పాననీ, నిజానికి దాని వెనుక ఒక సంశ్లేషణ (కలిపి కూర్చే పని) ఉందనీ కాంట్ అక్కడ అంటాడు. ఆ నోట్ చదవగానే వెనక్కి వెళ్లి బీ 39 మళ్లీ చదవాలి. డిడక్షన్‌కు నాలుగు వారాలు కేటాయించని సెమినార్‌లో ఇదంతా గాలికి పోతుంది.

ఇంకో చోట కూడా జాగ్రత్త. బయటి వస్తువులు నిజంగా ఉన్నాయని వాదించే రెఫ్యుటేషన్ ఆఫ్ ఐడియలిజం రుజువు బీ 275లో ఉంది. కానీ అందులోని ఒక వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండని కాంట్ బీ ముందుమాటలో, రోమన్ అంకెల్లో 39వ పేజీ ఫుట్‌నోట్‌లో చెబుతాడు. రెండూ పక్కపక్కన పెట్టుకోకుండా ఆ రుజువు మీద పేపర్ రాస్తే, కాంట్ స్వయంగా వదిలేసిన వాక్యాన్ని విమర్శించినట్టవుతుంది.

కాంట్ తన సొంత ప్రతిలో చేత్తో రాసుకున్న నోట్స్‌ను కూడా ఈ ఎడిషన్ ఫుట్‌నోట్లలో ఇచ్చింది. పరిశోధకుడికి బంగారం లాంటివి. కానీ అవి అచ్చయిన మూలంలో భాగం కావు, ఉటంకించేటప్పుడు ఆ మాట విడిగా చెప్పి తీరాలి. అచ్చులో ఇంకో సంగతి: కాంట్ నొక్కి చెప్పిన మాటలు ఇక్కడ బోల్డ్‌లో ఉంటాయి.

నాకు నచ్చనిది పుస్తకాన్ని మొదలుపెట్టే తీరు. అనువాదకుల పీఠిక పెద్దది, నాణ్యమైనది, కానీ దాన్ని ముందు చదవొద్దు. కాంట్ ఐడియలిజాన్ని (మనకు తెలిసేది వస్తువులు మనకు కనిపించే తీరే అన్న వాదాన్ని) ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో గైయర్‌ది గట్టి పక్షం, మరో కాంట్ పండితుడు హెన్రీ అలిసన్‌ది దానికి ఎదురు పక్షం. మూలంలో అనలిటిక్ (డిడక్షన్ ఉన్న భాగం) పూర్తి చేశాక ఇద్దరినీ చదివితే ఎవరి వాదానికి ఏ పేరా ఆధారమో పట్టుకోగలరు.

కేవలం యూజీసీ నెట్ పరీక్ష కోసమైతే ఇంత పుస్తకం అవసరం లేదు. 1783లో కాంట్ రాసిన చిన్న పుస్తకం ‘ప్రొలెగోమెనా’ శ్రద్ధగా చదివి, ‘క్రిటిక్’లో బీ ముందుమాట, ఉపోద్ఘాతం చూసుకుంటే పని జరుగుతుంది. ఈ-బుక్ కొనేవాళ్లు డబ్బు కట్టేముందు శాంపిల్ తెరిచి మార్జిన్ నంబర్లు కనబడుతున్నాయో లేదో చూసుకోండి. అవి లేని ప్రతితో థీసిస్ రాయడం కుదరదు.