ఫిల్టర్ల కోసం కొన్న మాడ్యూల్ బోర్డులు: ఆరు వారాలు వాడి చూశాక

బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీద ఫిల్టర్, అంటే కొన్ని ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి మిగతావాటిని తగ్గించే సర్క్యూట్, కట్టినప్పుడల్లా నాది ఒకటే అనుమానం: తప్పు లెక్కలో ఉందా, వదులైన తీగలో ఉందా? అది తీరుతుందనే ఈ సెట్టు తెప్పించుకున్నాను. ఒక్కో చిన్న బోర్డు మీద ఒక రెసిస్టరో, కెపాసిటరో, ఇండక్టరో (తీగ చుట్టిన కాయిల్) టంకం వేసి ఉంటుంది. అంచుల్లోని పిన్నులను తగిలిస్తే గ్రౌండ్‌తో సహా కలిసిపోతాయి. ఆరు వారాల్లో ఒక్క పిన్ను కూడా వదులు కాలేదు.

మొదట 1.6 కిలోఓమ్‌ల రెసిస్టర్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ చేర్చి లో-పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను పోనిచ్చేది) కట్టాను. లెక్క ప్రకారం కటాఫ్, అంటే అవుట్‌పుట్ ఇన్‌పుట్‌లో 0.707 వంతుకు తగ్గే ఫ్రీక్వెన్సీ, 995 హెర్ట్జ్ దగ్గర రావాలి. సిగ్నల్‌ను గీతగా చూపే ఓసిల్లోస్కోప్‌లో మాత్రం 940 దగ్గరే అవుట్‌పుట్ 0.707 వంతుకు పడిపోయింది. కెపాసిటర్‌ను విడిగా కొలిస్తే 0.106 మైక్రోఫారడ్ ఉంది. ఆ విలువతో లెక్కిస్తే 938 వస్తుంది. పది శాతం లోపు తేడా మామూలే, దాన్ని తప్పు పట్టను. కానీ విలువ పక్కనే ఆ శాతాన్ని కూడా అచ్చు వేయాల్సింది. నేర్చుకునేవాళ్లు అక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

ఈ సెట్టు మీద నాకు ప్రేమ కలిగింది మొదటి ఫిల్టర్ వెనకాలే ఇంకో ఫిల్టర్‌ను రెండో దశగా తగిలించినప్పుడు. ఒకే రకం ఫిల్టర్లు రెండు వరుసగా పెడితే కటాఫ్ దగ్గర సగం సిగ్నల్ (0.707 × 0.707) మిగలాలని చాలామంది అనుకుంటారు. మిగిలింది మూడో వంతే. రెండో దశ మొదటి దశ నుంచి కరెంటు లాగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. రెండో దశలో 16 కిలోఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్ పెట్టాను. కటాఫ్ అదే, లాగే కరెంటు పదో వంతు. అవుట్‌పుట్ 0.47కు లేచింది. డిప్లొమా చదువుతున్న మా చెల్లెలి కూతురు ఆ రెండు దశల వరుస మార్చి పెట్టింది. అవుట్‌పుట్ 0.08కి దిగిపోయింది. "పెద్దమ్మా, బోర్డులు అవే కదా, ఇంత తేడా ఎందుకు?" అంది. కాగితం తీసి సమీకరణం రాసి చూపించాను. బ్రెడ్‌బోర్డు మీదైతే ఆ మార్పుకు తీగలన్నీ పీకాలి, ఆ ప్రశ్న పుట్టేదే కాదు. ఇంత ముఖ్యమైన సంగతి గురించి సెట్టుతో వచ్చిన పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు. బోర్డులు విడివిడిగా ఉన్నంత మాత్రాన దశలు విడివిడిగా పనిచేయవని మొదటి పేజీలోనే రాయాలి.

ఇండక్టర్ బోర్డులే నన్ను నిరాశపరిచాయి. 10 మిల్లీహెన్రీలవి రెండు, మధ్యలో కెపాసిటర్‌తో కట్టి చూశాను. పైకి వెళ్లేకొద్దీ తగ్గాల్సిన సిగ్నల్ 60 కిలోహెర్ట్జ్ దాటాక తగ్గడం ఆగిపోయింది. కవచం లేని కాయిల్స్ కావడంతో ఒకదాని అయస్కాంత క్షేత్రం రెండోదాన్ని తాకుతోంది. ఒక బోర్డును అడ్డంగా తిప్పి, పొట్టి తీగలతో కలిపాక గానీ దారికి రాలేదు. పిన్నులు బోర్డులను ఒకే తిన్నని వరుసలో పెడితేనే కుదురుతాయి కాబట్టి ఆ తీగలు తప్పలేదు. కాయిల్ తీగ నిరోధాన్ని కూడా ఎక్కడా రాయలేదు. అది తెలియకుండా రెజొనెన్స్ (కాయిల్, కెపాసిటర్ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గట్టిగా స్పందించడం) ఎంత పదునుగా వస్తుందో లెక్కించలేం.

ఆడియో ఫ్రీక్వెన్సీల్లో ఆర్‌సీ (రెసిస్టర్-కెపాసిటర్) ఫిల్టర్లు నేర్చుకునేవారు నిశ్చింతగా కొనవచ్చు. రేడియో ఫ్రీక్వెన్సీలకు మాత్రం వద్దు, అక్కడ పిన్నుల మధ్య ఉండే కొన్ని పికోఫారడ్ల అతి చిన్న కెపాసిటెన్స్ కూడా ఫలితాన్ని మార్చేస్తాయి. ఇండక్టర్ బోర్డుకు పక్కవైపు కూడా పిన్నులు ఇచ్చిన రోజున నేను ఇంకో సెట్టు తీసుకుంటాను.