నది ఒడ్డున నీటిరంగుల కిట్: ఏళ్ల తరబడి వాడాక

ప్రయాణాల్లో నదులు గీయడానికని కొనుక్కున్న కిట్ ఇది. రేకు డబ్బాలో 12 హాఫ్ పాన్ల (ఎండిన రంగు నింపిన చిన్న గిన్నెల) నీటిరంగులు, ఒక గుండ్రటి బ్రష్, ఒక ఫ్లాట్ బ్రష్, పిడిలోనే నీళ్లు నింపుకునే వాటర్ బ్రష్, కాటన్ కాగితం బ్లాక్, మడత స్టూలు, ట్రైపాడ్ ఈజిల్ (బొమ్మను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు). ఎండలో, చినుకుల్లో, పడవల మీద, బురద గట్ల మీద ఏళ్లుగా వాడుతూనే ఉన్నాను. కొన్న వారంలోనే ఈ సమీక్ష రాసుంటే మొత్తం రంగుల గురించే ఉండేది. ఇప్పుడు అడిగితే మాత్రం ముందు కాగితం, తర్వాత నీడ, ఆ తర్వాతే రంగులు అంటాను. డబ్బు ఖర్చుపెట్టినా, సంచిలో బరువు మోసినా ఆ వరసలోనే.

కాగితంతోనే మొదలుపెడతాను. నాది 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), వంద శాతం కాటన్, కోల్డ్ ప్రెస్, అంటే పైన కాస్త గరుకుగా ఉండే రకం. నది బొమ్మలో సగం ఆకాశం, సగం నీరు. రెండూ పెద్ద పెద్ద తడి వాష్‌లే, అంటే నీళ్లు ఎక్కువ కలిపి పరిచే పల్చటి రంగు పొరలే. కలప గుజ్జుతో చేసిన మామూలు కాగితం మీద ఆ వాష్ వేస్తే మధ్యలో ఒక చోట ఆరిపోయి, ఇంకో చోట గుంట కట్టి, అంచున కాలీఫ్లవర్ ఆకారంలో మరకలు తేలతాయి. కాటన్ కాగితం నీళ్లను లోపలికి పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. చెట్టు ఆకుపచ్చను అలాగే కిందికి లాగి ప్రతిబింబంగా మార్చడానికి కావలసిన ఆ రెండు మూడు నిమిషాలు దొరికేది అందువల్లే. పొరపాటున పడిన రంగును తడి బ్రష్‌తో ఎత్తేయడానికీ ఒప్పుకుంటుంది. ఒకే చోట నాలుగైదు సార్లు రుద్దినా పొర లేవదు.

బ్లాక్ అంటే కాగితాల అంచులన్నీ జిగురుతో అంటించి ఉంటాయి కాబట్టి ముందుగా తడిపి బోర్డుకు సాగదీసి అంటించే పని లేదు. ప్రయాణంలో అది పెద్ద సుఖం. కానీ తేమ ఎక్కువగా ఉన్న చోట నా బ్లాక్ ఒకదానికి ఆ జిగురు ఒక పక్క ఊడిపోయింది. వాష్ వేయగానే కాగితం అటువైపు లేచి, రంగంతా ఇటువైపుకి జారింది. అప్పటి నుంచి రెండు బుల్‌డాగ్ క్లిప్పులు సంచిలో ఉంటున్నాయి. బరువు లేదు, ఖర్చు లేదు, ప్రతిసారీ పనికొస్తాయి.

ఇక ఆరడం సంగతి. నది పక్కన పొద్దున్నే మంచు, ఆవిరి ఉంటాయి. వేసిన వాష్ ఎంతకీ ఆరదు. మధ్యాహ్నం ఎండా గాలీ కలిస్తే బ్రష్ ఎత్తేలోపు ఆరిపోతుంది. రెండింటికీ ఒకే కాగితం, ఒకే రంగులు పెట్టుకుని కూర్చుంటే పద్ధతి మార్చక తప్పదు. పొద్దున ఒకేసారి రెండు కాగితాల మీద పని చేస్తాను: ఒకటి ఆరుతుంటే ఇంకొకటి. మధ్యాహ్నమైతే వాష్‌కి ముందు కాగితమంతా శుభ్రమైన నీటితో ఒకటికి రెండుసార్లు తడుపుతాను. తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ జోలికి మాత్రం పోను. ఎండలో అది కాగితానికి పట్టేసి, తీసేటప్పుడు పై పొరను చింపుకుని వస్తుంది. నీటి మీద మెరుపులకు కాగితాన్ని అలాగే వదిలేయడమో, దాదాపు ఆరిన రంగు బ్రష్‌ను పడుకోబెట్టి ఒక్క విసురు విసరడమో మేలు. గరుకు కాగితం గుంతల్లోకి రంగు దిగక తెల్ల చుక్కలు మిగులుతాయి చూడండి, ఎండకు మెరిసే నీళ్లకు అంతకు మించిన ఉపాయం నాకు దొరకలేదు.

రెండోది నీడ. తెల్ల కాగితం మీద నేరుగా ఎండ పడుతుంటే అంతా మరీ వెలుతురుగా కనిపిస్తుంది, చేయి తనంతట తానే ముదురు రంగు కలిపేస్తుంది. గదిలోకి తెచ్చి చూస్తే బొమ్మ దిగులుగా, నల్లగా ఉంటుంది. కాబట్టి చోటు వెతికేటప్పుడు దృశ్యం ఎంత ముఖ్యమో, కాగితం మీద పడే నీడా అంతే ముఖ్యం. గొడుగు వాడితే తెల్లదో బూడిద రంగుదో ఉండాలి; ఎర్ర గొడుగు కింద కూర్చుంటే కాగితం కూడా ఎర్రబడుతుంది, రంగుల అంచనా మొత్తం తప్పుతుంది. నది మీద గాలి ఊరుకోదు కదా, గొడుగు నిలబడే రోజులు తక్కువే. చెట్టు, వంతెన కింది భాగం, గోడ వార... వీటినే ముందు చూసుకుంటాను.

ఇందులోనే ఇంకో సంగతి. పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలు పెట్టుకుని నదిని గీయకండి. నీటి మీద నుంచి ఏటవాలుగా వచ్చే ప్రతిబింబపు వెలుతురు చాలావరకు పోలరైజ్ అయి ఉంటుంది, అంటే దాని కంపనాలు ఒకే దిశలో ఉంటాయి. ఉపరితలం నుంచి సుమారు 37 డిగ్రీల కోణంలో కిందికి చూసినప్పుడు ఇది అన్నిటికంటే ఎక్కువ. ఆ అద్దాలు సరిగ్గా ఆ వెలుతురునే ఆపేస్తాయి. చేపలు పట్టేవాళ్లకు అది వరం, నీటి అడుగు కనిపిస్తుంది. మనకు మాత్రం గీయాల్సిన ప్రతిబింబమే మాయమైపోతుంది. కళ్లకు శ్రమ అనిపిస్తే అంచున్న టోపీ చాలు.

రంగుల డబ్బా దగ్గరికొద్దాం. హాఫ్ పాన్ చూడటానికి వేలి గోరంత ఉంటుంది గానీ ఊహించనంత కాలం వస్తుంది. నా డబ్బాలో పదే పదే అడుగంటినవి అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), యెల్లో ఆకర్ (మట్టి పసుపు). ఈ మూడింటితోనే మబ్బు ఆకాశం, బురద నీళ్లు, రాతి గట్టు, దూరపు కొండ అన్నీ వచ్చేస్తాయి. అల్ట్రామెరైన్, సియెన్నా కలిపితే వచ్చే బూడిద రంగు కాగితం గుంతల్లో రేణువులుగా పేరుకుంటుంది. ఇసుక తిన్నెలకు, వాన ముందటి ఆకాశానికి అది విడిగా కష్టపడకుండానే అందాన్నిస్తుంది. సెట్‌తో వచ్చిన రెండు పచ్చ రంగులు దాదాపు కొత్తగానే మిగిలాయి. డబ్బాలోంచి నేరుగా తీసిన పచ్చ ఏ గట్టు మీదా కనిపించదు. నీలం, పసుపు కలిపి, కాస్త సియెన్నాతో విరిస్తేనే నమ్మబుద్ధవుతుంది.

పాన్ కొనేటప్పుడు రంగు పేరు కంటే దాని మీద ఉన్న పిగ్మెంట్ (అసలు రంగు పొడి) కోడ్ చూడటం అలవాటు చేసుకోండి. ఒకే పేరుతో వేర్వేరు కంపెనీలు వేర్వేరు పిగ్మెంట్లు అమ్ముతాయి. పీబీ 29 అని ఉంటే అది అల్ట్రామెరైనే. ఎరుపుల్లో పీఆర్ 83, అంటే అసలు అలిజరిన్ క్రిమ్‌సన్, వెలుతురుకు వెలిసిపోతుంది. దాని బదులు పీవీ 19 క్వినాక్రిడోన్ అనే గులాబీ ఎరుపు పెట్టుకున్నాను. సాయంత్రపు ఆకాశాలు గోడకు తగిలించాక గులాబీ పోయి ఉత్త పసుపు మిగిలితే బాధగా ఉంటుంది.

డబ్బా పని అయిపోగానే మూసేయడం మంచి పద్ధతి కాదు. పాన్లలో ఉండేది పిగ్మెంటు, బంక, తేమ పట్టి ఉంచే గ్లిజరిన్ లాంటివి. తడి డబ్బాను మూసి సంచిలో పెడితే వేడికి బూజు పడుతుంది. రాత్రి బసలో తెరిచి ఆరబెట్టాలి. తేనె కలిపిన రంగులు తడపగానే కరిగి చాలా సుఖంగా ఉంటాయి, కానీ తేమ ప్రదేశాల్లో అవి ఎప్పటికీ పూర్తిగా గట్టిపడవు, డబ్బా పక్కకు తిరిగితే ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. ట్యూబులు పెద్ద బొమ్మలకు మంచివే. అసలు 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ ర్యాండ్ మడిచే లోహపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నాకే బయట కూర్చుని నూనెరంగులు వేయడం తేలికైంది. కానీ ఒళ్లో పెట్టుకుని వేసే చిన్న బొమ్మకు మూతలు తీయడం, పెట్టడం విసుగు. నా ఓటు పాన్లకే.

వాటర్ బ్రష్‌కు సగం మార్కులు. బస్సులో, పడవలో, నిలబడి వేసే చిన్న నోట్స్‌కు దానంత హాయి లేదు. ఆకాశం వాష్ మాత్రం దానితో కాదు. నీళ్లు ఎంత వస్తాయన్నది మన చేతిలో ఉండదు, ముదురు రంగు కావాలన్నప్పుడే ఒక బొట్టు జారుతుంది. విమానం ఎక్కేముందు ఖాళీ చేయాలి, గాలి ఒత్తిడి మారితే కారుతుంది. మరో సౌకర్యం ఏమిటంటే నీటిరంగులకు విమానాల్లో ఇబ్బంది తక్కువ. నూనెరంగుల వాళ్లు వాడే టర్పెంటైన్ మండే ద్రవం కాబట్టి దాన్ని ఎక్కనివ్వరు.

ఈజిల్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గాలికి తెరచాపలా ఊగుతుంది. మధ్యలో సంచి వేలాడదీస్తే కొంత నయం. ఒళ్లో బోర్డు, కింద స్టూలు చాలనిపించి ఎక్కువసార్లు గదిలోనే వదిలేస్తున్నాను.

సామాను కంటే ఎక్కువ నేర్పింది నీరే. కొత్తవాళ్లు ప్రతిబింబాన్ని గట్టు బొమ్మ తలకిందులుగా వేసినట్టు వేస్తారు. అలా ఉండదు. ముదురు చెట్టు నీటిలో కాస్త లేతగా, తెల్ల గోడ కాస్త ముదురుగా కనిపిస్తుంది. గట్టుకు వెనగ్గా ఉన్న చెట్టు నీటిలో తల మాత్రమే చూపిస్తుంది, మొదలును గట్టే కప్పేస్తుంది. వంతెన పైభాగం మనకు కనిపిస్తుంటే, నీటిలో దాని కింది భాగం ఎక్కువ కనిపిస్తుంది. మన వైపు వాలిన కర్ర పొట్టిగా అనిపిస్తుంది గానీ దాని ప్రతిబింబం పొడుగ్గా ఉంటుంది. చిన్న అలలుంటే ప్రతిబింబం మన వైపు సాగి వస్తుంది. కాళ్ల దగ్గర నీటిలోకి చూస్తే అడుగు రాళ్లు, దూరంగా చూస్తే ఆకాశం. ఒకే కాగితం మీద ఈ మార్పు నెమ్మదిగా రావాలి. నీడల సంగతి వేరు: బురద నీటి మీద నీడ స్పష్టంగా పడుతుంది, లోతైన తేట నీటి మీద దాదాపు కనిపించదు. ఇవన్నీ తెలిసినా ఒక చోట తేలిపోతాం: నదిని కొండ మీంచి జారుతున్నట్టు గీసేస్తాం. అవతలి గట్టు అంచు అడ్డంగా, చదునుగా ఉందో లేదో పెన్సిల్ అడ్డం పెట్టి చూసుకుంటే ఆ చిక్కు తీరుతుంది.

చోటు ఎంచుకోవడానికి మలుపులు చూస్తాను. మలుపు బయటి వైపు ప్రవాహం వేగంగా ఉండి గట్టును కోస్తుంది, అక్కడ నిటారు అంచులు, బయటపడిన వేళ్లు ఉంటాయి. లోపలి వైపు నెమ్మదించిన నీరు ఇసుక పేరుస్తుంది. ఇసుక వైపు కూర్చుని కోత గట్టును గీస్తే బొమ్మకు బలం వస్తుంది. కోత గట్టు పైన అంచుదాకా వెళ్లి కూర్చోవద్దు, కింద మట్టి ఖాళీ అయి ఉండొచ్చు. పైన ఆనకట్ట ఉందంటే ఇసుక తిన్నె కూడా భద్రం కాదు. గేట్లు ఎత్తితే ఎండ కాస్తుండగానే నీటిమట్టం పెరుగుతుంది. స్థానికులను అడగకుండా లోపలి తిన్నెల్లోకి స్టూలు పట్టుకుపోవద్దని గట్టిగా చెప్తాను.

పడవ మీద వేయడం ఒక ముచ్చట. ఫ్రాన్స్‌లో దోబిన్యీ అనే చిత్రకారుడు 1857లో ఒక పడవనే స్టూడియోగా మార్చుకుని నదుల మీద తిరిగాడు, 1870ల్లో మరో చిత్రకారుడు మోనే కూడా ఆర్జాంత్యూయ్ ఊరి దగ్గర సెన్ నది మీద అదే చేశాడు. 1874లో మానే అనే ఇంకో చిత్రకారుడు మోనేను ఆ పడవలోనే చిత్రించాడు. వాళ్లది నచ్చిన చోట ఆపుకోగల సొంత పడవ. టికెట్ కొనుక్కుని ఎక్కిన మన పడవ ఎవరి కోసం ఆగుతుంది? కదిలే పడవ మీద పూర్తి బొమ్మ ఆశ వదులుకున్నాను. పెన్సిల్‌తో గట్టు గీత, పక్కన రంగుల పేర్లు, వెలుతురు ఎటు నుంచి వస్తుందో ఒక బాణం గుర్తు. మిగతాది దిగాక.

రంగు కడిగిన నీళ్లను నదిలో పారబోయకండి. కాడ్మియం, కోబాల్ట్ రంగులు నీటి ప్రాణులకు మంచివి కావు. మూత బిగించిన సీసాలో వెనక్కి తెస్తాను. కడగడానికి నది నీరు వాడొచ్చు గానీ అందులోని సన్న మట్టి లేత వాష్‌లో చేరి మసకబారుస్తుంది. ఆకాశానికి తాగునీరే వాడుతున్నాను, గట్టుకు నది నీరైనా సరే.

ఇప్పుడు డబ్బాలో చేయాలనుకుంటున్న మార్పులు రెండే. వాడని ఆ రెండు పచ్చలు తీసేసి ఒక దాంట్లో ఇంకో అల్ట్రామెరైన్, ఇంకో దాంట్లో రా అంబర్ (మట్టి గోధుమ రంగు) పెట్టాలి. వాటర్ బ్రష్ సంచి పక్క జేబులోకి పోయి, దాని చోటులోకి నీళ్లు ఎక్కువ పట్టే ఒక పెద్ద, మెత్తటి మాప్ బ్రష్ రావాలి.