ఇంట్లో కాళ్ళ హార్మోనియం: వాడి చూసి చెబుతున్న మాట

పాత కాళ్ళ హార్మోనియం, అంటే కాళ్ళతో పెడళ్ళు తొక్కి గాలి పట్టించే పెట్టె, కొనమంటారా అని ఎవరడిగినా నేను ముందు వేసే ప్రశ్న ఒకటే. రెండు చేతులతో వాయించే పని మీకుందా? లేకపోతే మామూలు చేతిపెట్టె చాలు. ఉంటే మాత్రం దీనికి సాటి వచ్చే పెట్టె లేదు.

మాది మడత రకం. తెనాలి వైపు పద్యనాటకాలకు వాయించిన ఒక హార్మోనిస్టు కుటుంబం దగ్గర కొన్నాను. కొన్నేళ్ళుగా మా ముందుగదిలో మోగుతూనే ఉంది. మూడున్నర స్థాయిలు, 42 మెట్లు, బేస్ (లావు నాదం), మేల్ (దానికి పై నాదం) అని రెండు వరసల రీడ్లు (గాలికి అదిరి మోగే లోహపు నాలుకలు), ఒక మెట్టు నొక్కితే మరో స్థాయిలో దాని జత మెట్టు కూడా పలికించే కప్లరు. కాళ్ళు మడిచి, పెడళ్ళు లోపలికి నెట్టి మూత వేస్తే పెద్ద ట్రంకుపెట్టె అంత అవుతుంది. నాటక సమాజాలు దీన్ని ఊరూరా తిప్పగలిగింది ఈ మడత వల్లే. అలాగని ఒక్కరే ఎత్తబోకండి. ఇద్దరు కావాలి, మేడ మీదికైతే మూడో మనిషి ఉంటే మేలు.

కొనే ముందు చాలా చదివాను. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు తీసుకున్న హార్మోనియం కాళ్ళతో తొక్కేదే. చేతితో తిత్తి కొట్టే పెట్టె మన దగ్గర పుట్టింది. 1875లో కలకత్తాలో ద్వార్కిన్ దుకాణం తెరిచిన ద్వారకానాథ్ ఘోష్‌కే ఆ పేరు దక్కింది. నేల మీద కూర్చునే గాయకుడికి చేతిపెట్టె బాగా కుదిరింది. స్టేజీ పక్కన కుర్చీ వేసుకునే మన హార్మోనిస్టు మాత్రం కాళ్ళపెట్టెను వదల్లేదు.

ఈ చదువు ముచ్చటగానే ఉంటుంది కానీ, బేరం దగ్గర పనికొచ్చేది రీడ్లే. అమెరికాలో ఎస్టీ కంపెనీ ఆర్గన్లకు సీరియల్ నంబరు చూసి ఏ ఏడాదివో చెప్పేస్తారు. మన పెట్టెల మీద పేరు పలకను నమ్మి వయసు కట్టకూడదు, పలక మార్చడం నిమిషం పని. మరలు విప్పి రీడు బోర్డు బయటికి తీయించండి. పారిస్ రీడ్లని, జర్మన్ రీడ్లని గొప్పగా చెబుతారు. నిజంగానే వాటి నాదం గుండ్రంగా ఉంటుంది. మా పెట్టెలో బేస్ వరస మొత్తం జర్మన్‌దే. మేల్ వరసలో మాత్రం మధ్యమధ్య గుజరాత్‌లోని పాలితానాలో చేసిన కొత్త రీడ్లు దిగాయి. మెట్లు వరసగా నొక్కుకుంటూ పోతే, కళ్ళు మూసుకున్నా ఆ కొత్తవి ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. ధర తగ్గించమనడానికి నాకు దొరికిన గట్టి కారణం అదే.

ఇక వాయిద్యం సంగతి. ఎడమచేయి షడ్జమ పంచమాలు పట్టుకుని ఉంటుంది, కుడిచేయి పద్యం వెంట నడుస్తుంది. గాలి కాళ్ళ నుంచి వస్తోంది కాబట్టి ఆఖరి పాదం దగ్గర రాగం ఎంతసేపు తీసినా ఊపిరి తెగదు. పెడల్ మీద బరువు పెంచితే నాదం ఉబుకుతుంది, తగ్గిస్తే అణుగుతుంది. మైకులు లేని రోజుల్లో నాలుగున్నర, ఐదు లాంటి హెచ్చు శ్రుతిలో పాడే నటుడి గొంతుకు సరితూగాలని చేసిన పెట్టె ఇది. అపార్ట్‌మెంట్ గదిలో రెండు వరసలూ తెరిస్తే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. నేను రాత్రిళ్ళు బేస్ ఒక్కటే తెరుస్తాను.

కర్ణాటక కృతులకని కొనకండి. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జార్చుతూ పలికించడం, దీంట్లో పలకదు. శ్రుతి సంగతి కూడా ఉంది. తంబురా తీగలో తానుగా వినిపించే అంతర గాంధారం కంటే, పన్నెండు స్వరాలనూ సమంగా పంచిన పెట్టె గాంధారం సుమారు 14 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. రెండూ కలిపి మోగిస్తే నాదం అలలు అలలుగా కొట్టుకుంటుంది. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని గెంటేసి 1971 దాకా సడలించకపోవడానికి ఇలాంటి అభ్యంతరాలే కారణం. సంగీతం మాస్టర్లు ఇప్పటికీ ముక్కు విరుస్తారు. పద్యానికి మాత్రం ఆ తేడా నాకెప్పుడూ అడ్డు రాలేదు.

పోషణ ఖర్చు తక్కువేం కాదు. కొత్త స్కేల్ చేంజర్ (మెట్ల వరసను జరిపి శ్రుతి మార్చుకునే పెట్టె) కంటే చవగ్గా వచ్చిందనుకుంటే, బాగుచేయించడానికి కొన్న ధర కంటే ఎక్కువైంది. పెడళ్ళను తిత్తికి కలిపే పట్టీలు తెగితే నవారు ముక్క కట్టాను. కంపెనీ పట్టీ కంటే అదే బాగా ఆగుతోంది. వానాకాలం చెక్క ఉబ్బి, వేలు తీసినా ఒక మెట్టు కూస్తూనే ఉంటుంది. మూత తెరిచి ఎండ తగలని పొడిగదిలో రెండు రోజులుంచితే సర్దుకుంటుంది. రీడు మూగబోతే సాధారణంగా దుమ్మే కారణం. నాలుక కింద పల్చటి కాగితం జరిపి లాగితే పలుకుతుంది. శ్రుతి సరిచేయడం మాత్రం ఇంట్లో వద్దు. నాలుక కొస గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. వినడానికి సులువే గానీ, ఎక్కువ గీకిన ఇత్తడి మళ్ళీ రాదు. తిత్తికి తోలు అతికేటప్పుడు పాతకాలపు బంకే వాడమనండి. వేడి తగిలితే ఊడొస్తుంది కాబట్టి, తర్వాత బాగుచేసేవాడు చెక్క చించకుండా తీయగలుగుతాడు.

చూడబోయినప్పుడు అమ్మేవాళ్ళు ముందు పాట వినిపిస్తారు, ఆగండి. ఏ మెట్టూ నొక్కకుండా తిత్తి నిండేదాకా తొక్కి కాళ్ళు తీసేయండి. తిత్తి వెంటనే కుంగిపోతే లోపలి తోలంతా మార్పించాలి. ఆ ఖర్చు ధరలోంచి తీసేయమనండి.