అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు: ఇద్దరమ్మాయిలతో రెండేళ్లు తిరిగాక

మా ఇంటికి జూన్ నెలలో బుక్ లిస్ట్ రాదు. పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుతున్నారు, పెద్దదానికి పన్నెండు, చిన్నదానికి ఎనిమిది. ఏ పుస్తకం కొనాలి, ఎక్కడ కొనాలి, ఎంతలో కొనాలి అనేదంతా మా నెత్తిన ఉన్న పనే. మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో అట్ట చూసి ఆర్డర్ పెట్టడం, వచ్చాక పిల్లలు నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేయడం, ఇదే జరిగింది. ఆ డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. అప్పుడు మా ఆయన, "నా డిగ్రీ పుస్తకాలు సగం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే కొన్నాను, ఒకసారి వీళ్లని తీసుకెళ్దాం" అన్నారు. అలా మొదలుపెట్టి రెండేళ్లుగా నెలకో ఆదివారం, ఒక్కోసారి రెండు, వెళ్తూనే ఉన్నాం. ఆడపిల్లలతో అక్కడికి వెళ్లొచ్చా, పనికొచ్చేవి దొరుకుతాయా అని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. అందుకని మా అనుభవం ఒక్కచోట రాసి పెడుతున్నాను.

తెలియనివాళ్లకి: ఆదివారం హైదరాబాద్‌లోని అబిడ్స్‌లో చాలా షాపుల షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పేరుస్తారు, కొందరు పేర్చరు, కుప్ప పోస్తారు. మేం మియాపూర్ వైపు నుంచి మెట్రోలో వచ్చి నాంపల్లిలో దిగి నడుస్తాం. కారు తెస్తే పార్కింగ్ దగ్గరే సగం ఓపిక అయిపోతుంది, దానికంటే ఇదే సుఖం. పది గంటలకి అక్కడుంటే మంచిది, అప్పటికి చాలామంది సర్దేసి ఉంటారు, ఎండ ఇంకా నెత్తికెక్కదు. జనవరి, ఫిబ్రవరిలో నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) నడిచే రోజుల్లో నాంపల్లి చుట్టుపక్కల రద్దీ బాగా ఉంటుంది, చిన్నపిల్లలున్నవాళ్లు ఆ ఆదివారాలు మానుకోండి.

పుస్తకాల సంగతికొస్తే, స్కూలుకి వెళ్లే పిల్లలకి దొరకని ఒక వెసులుబాటు మాకుంది. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు (కేంద్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు వేసే సంస్థ) 2023లో ఒకటి, రెండు తరగతుల పుస్తకాలు మార్చారు, 2024లో మూడు, ఆరు, 2025లో నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది. స్కూలు పిల్లలకి పాత ఎడిషన్ పనికిరాదు కాబట్టి అవి ఫుట్‌పాత్ మీదికి వచ్చేస్తాయి. మాకు ఎనిమిదో తరగతి దాకా బోర్డు పరీక్ష లేదు, అందుకని పాతదైనా కొత్తదైనా ఒకటే. పాత ఆరో తరగతి సైన్సు పుస్తకం ముప్ఫై రూపాయలకి తెచ్చాను. ఇవన్నీ సైట్‌లో పీడీఎఫ్‌గా ఉచితంగానే ఉన్నాయి, కానీ ఇద్దరూ ఒకే ట్యాబ్ కోసం కొట్టుకునే ఇంట్లో, పేజీకి రెండు రూపాయలిచ్చి ప్రింటు తీయించుకోవడం కంటే ముప్ఫై రూపాయల పుస్తకం చాలా నయం. ఒక్కటి మాత్రం కొనకండి, ఎన్‌ఐఓఎస్ (ఇంట్లో చదివేవాళ్లు కూడా పరీక్ష రాయగలిగే జాతీయ ఓపెన్ స్కూల్) పదో తరగతి మెటీరియల్. పెద్దదాన్ని అందులోనే రాయించాలని మా ఆలోచన, పద్నాలుగేళ్లు నిండాలి కాబట్టి ఇంకా రెండేళ్ల టైముంది. ఆ పుస్తకాలు అడ్మిషన్ తీసుకుంటే వాళ్లే ఇస్తారు, సైట్‌లోనూ ఉంటాయి. పాతవి కొని, తీరా సిలబస్‌లో మార్పులుంటే పరీక్ష ముందు ఆ టెన్షన్ ఎందుకు.

తెలుగు కోసం వెళ్లేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషుదే రాజ్యం. తెలుగు పుస్తకాలు ఎక్కువగా కుప్పల అడుగున, లేదంటే పోటీ పరీక్షల గైడ్ల వెనకాల ఉంటాయి. మాకు ఒకసారి పాత పిల్లల మాసపత్రికలు పురికొసతో కట్టిన కట్ట దొరికింది, ఇరవై రెండు సంచికలు, రెండు వందలు. మా చిన్నది ఇంగ్లీషు గబగబా చదివేస్తుంది, తెలుగులో ఒత్తులు రాగానే ఆగిపోయేది. ఆ కట్ట వచ్చిన నెలన్నరలో "జ్యోత్స్న" అనే మాట ఎవరూ చెప్పకుండా కూడబలుక్కుని చదివి, "ఇది పేరా అమ్మా, వెన్నెలా?" అని వంటింట్లోకి వచ్చి అడిగింది. నేను ఫ్లాష్ కార్డులతో ఏడాది తన్నుకున్నా రానిది ఆ కట్టతో వచ్చింది.

అన్నిటికంటే బాగా పనికొచ్చింది మాత్రం ఒక అట్లాస్. నలభై చెప్పాడు, పెద్దది బేరమాడి ముప్ఫైకి తీసుకుంది. ఇంటికొచ్చి తెరిస్తే అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటే రాష్ట్రం, 23 జిల్లాలు, తెలంగాణ లేదు. "ఇది తప్పు పుస్తకం, తిరిగి ఇచ్చేద్దాం" అంది. తప్పు కాదమ్మా, అప్పటికి అదే నిజం అని చెప్పి కూర్చోబెట్టాను. 2014లో తెలంగాణ పది జిల్లాలతో వచ్చింది, 2016లో 31 అయ్యాయి, 2019లో 33. ఆ పాత మ్యాప్ మీద ట్రేసింగ్ పేపరు పెట్టి, పాత పది జిల్లాల్ని పెన్సిల్‌తో ముక్కలు చేస్తూ వారం రోజులు గీసింది. వరంగల్ దగ్గర మూడుసార్లు చెరిపింది, కాగితం అక్కడ చిరిగింది కూడా. ఆ ట్రేసింగ్ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద ఉంది. సోషల్‌లో ఇంతకు మించిన పాఠం నేను చెప్పలేను.

ఇప్పుడు అసలు విషయం. ఈ బజారుకి నేను పుస్తకాల కోసమే వెళ్లడం లేదు.

ఆడపిల్లల్ని ఇంట్లో చదివిస్తున్నామని చెప్పగానే మనవాళ్లకి మొదట గుర్తొచ్చేది బడి మాన్పించిన పిల్ల. మా అమ్మమ్మల కాలంలో ఇంట్లో ఉన్న ఆడపిల్ల అంటే చదువు ఆగిపోయిన పిల్లే కదా, వాళ్లని తప్పు పట్టలేను. కానీ దానివల్ల రోజూ జరిగేది చూస్తే కడుపు మండుతుంది. పదకొండింటికి పెద్దది లెక్కలు చేస్తూ ఉంటుంది, ఎవరో చుట్టాలు వస్తారు, రెండు నిమిషాలు కాగానే "అమ్మాయి ఇంట్లోనే ఉందిగా, కాస్త కాఫీ పెట్టమను" అంటారు. చెడ్డవాళ్లు కాదు, ప్రేమగానే అంటారు. అదే పిల్ల ఆ టైములో స్కూల్లో ఉంటే కాఫీ అడగరు, అదే మగపిల్లాడు అదే టేబుల్ దగ్గర పుస్తకం ముందేసుకుని కూర్చున్నా అడగరు. మా అత్తయ్యతో సహా అందరికీ ఒకటే మాట చెప్పాను, తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వాళ్లు ఇంట్లో లేనట్టే లెక్క అని. అత్తయ్యకి మొదట కష్టంగా అనిపించింది, ఇప్పుడు వచ్చినవాళ్లకి ఆవిడే చెప్తున్నారు. అయినా నాకు లోపల ఒక భయం ఎప్పుడూ ఉంటుంది, వీళ్లు ఇంట్లో చదివే పిల్లలు కాస్తా ఇంట్లోనే ఉండే పిల్లలు అయిపోతారేమోనని. రోడ్డు మీద నిలబడి, తెలియని మనిషితో మాట్లాడి, తమకి కావలసింది తామే తీసుకుని, డబ్బు తామే లెక్కపెట్టి ఇచ్చే చోటు వాళ్లకి కావాలి. మాల్‌లో అది రాదు, అక్కడ బిల్లు కౌంటరు ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అబిడ్స్‌లో నోరు తెరవకపోతే పుస్తకం రాదు.

అందుకే మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కొక్కరి చేతికి నూటయాభై రూపాయలు ఇస్తాం, అన్నీ పదులు, ఇరవైలు. ఏం కొన్నా మేం అడగం. నేనూ మా ఆయనా పది అడుగుల దూరంలో ఉంటాం, చూపు మాత్రం వాళ్ల మీదే. మొదటి రెండు నెలలు పెద్దది ధర అడగడానికి కూడా నా కొంగు పట్టుకునేది. ఒక పెద్దాయన ఉన్నాడు, చాచా అంటారు పిల్లలు, ఆయన తెలుగు అర్థం చేసుకుంటాడు, జవాబు మాత్రం హిందీలోనే. "కిత్నా చాచా?" అంటే "పచాస్, బేటా". పెద్దది "చాలీస్" అంటే ఆయన పుస్తకం తిప్పి చూసి, "పూరా పఢ్ కే సునానా, ఫిర్ చాలీస్" అన్నాడు, అంటే మొత్తం చదివి వచ్చి నాకు చెప్పాలి, అలా అయితే నలభై. తర్వాతి నెల నిజంగానే వెళ్లి, ఎర్రబడిన ముఖంతో వచ్చీరాని హిందీలో సొరచేపల గురించి పది నిమిషాలు చెప్పింది. ఆయన ప్లాస్టిక్ స్టూలు దానికిచ్చి తను నిలబడి విన్నాడు. పక్కన కొనడానికి వచ్చిన ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు కూడా ఆగి విన్నారు.

అందరూ చాచాలా ఉండరు. ఒకతను చిన్నది పుస్తకం తెరవగానే "కొననప్పుడు ముట్టుకోవద్దు" అని చేతిలోంచి లాక్కున్నాడు, అది ఆ రోజు ఇంకో పుస్తకం పట్టుకోలేదు. ఇంకొకతను పెద్దది ధర అడిగితే దాని మొహం చూడకుండా మా ఆయన వైపు తిరిగి రేటు చెప్పాడు. మా ఆయన "అమ్మాయి అడిగింది, అమ్మాయికే చెప్పండి" అన్నారు, అతను చెప్పలేదు, మేం వచ్చేశాం. ఇంకోసారి కవరు వేసి సీల్ చేసిన ఆరు పుస్తకాల సైన్సు సెట్ నాలుగు వందలకి తీసుకుంటే ఇంటికొచ్చాక అందులో ఒకే భాగం రెండుసార్లు ఉంది, ఒకటి లేనే లేదు. తర్వాతి ఆదివారం వెళ్తే ఆ చోట వేరే మనిషి ఉన్నాడు. కాబట్టి కవరు విప్పి చూపించనంటే కొనకండి. పేజీ నంబర్లు మొదట, మధ్యలో, చివర చూడండి, ప్రయోగాల పుస్తకాల్లో కటింగ్ పేజీలు ఉన్నాయో లేదో చూడండి.

ఇక పెద్ద లోటు, బాత్రూమ్. మేం తిరిగే వరసలో ఆడవాళ్లకి పనికొచ్చేది మాకు దగ్గర్లో ఎక్కడా కనపడలేదు, ఆదివారం షాపులూ మూసే ఉంటాయి. పోయిన మార్చిలో పెద్దది పుస్తకాల మధ్యలో ఉన్నట్టుండి నా దగ్గరికి వచ్చి, చున్నీ నడుముకి కట్టుకుని, "అమ్మా, వచ్చేసింది" అంది. అప్పటికి దానికి రెండోసారి, డేట్ ఇంకా కుదురుకోలేదు, నా బ్యాగులో నీళ్ల బాటిలు, బిస్కెట్లు ఉన్నాయి కానీ ప్యాడ్ లేదు. మా ఆయన మందుల షాపు వెతుక్కుంటూ పరుగున వెళ్లారు. మేం ముగ్గురం నాలుగు సందులు నడిచి ఒక టిఫిన్ హోటల్లోకి వెళ్లాం. కౌంటర్లో ఉన్న ఆయనకి నేను సగం చెప్పేలోపే విషయం తెలిసిపోయి, వంటింటి పక్కనున్న స్టాఫ్ బాత్రూమ్‌కి గిన్నెలు కడిగే అమ్మని తోడిచ్చి పంపాడు. ఆవిడ బయట తలుపు దగ్గర కాపలా నిలబడింది. మా ఆయన ప్యాకెట్ తెచ్చేసరికి అది పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఉంది. ఇడ్లీ తింటూ పెద్దది నాన్నని అడిగింది, "బ్రెడ్ కొంటే మామూలు కవరేగా నాన్నా, దీనికెందుకు నల్లది?" ఆయన కాసేపు ఆలోచించి, "నాకూ తెలీదమ్మా, ఈసారి కవరు వద్దని చెప్తాను" అన్నారు. చిన్నది నల్ల కవరంటే ఏంటి, ఎందుకు అని మొదలుపెట్టింది, ఇంటికి వెళ్లేదాకా మెట్రోలో దాని ప్రశ్నలే. ఇంట్లో చదువు చెప్పేవాళ్లకి తెలుసు, సిలబస్‌లో ఆ పాఠం ఏ తరగతిలో ఉందో మనం చూసుకునే లోపే పిల్లలు అడిగేస్తారు.

అప్పటినుంచి నా బ్యాగులో ఒక జిప్ పౌచ్ ఉంటుంది, రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత న్యూస్‌పేపరు. అమ్మాయిలతో వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా పెట్టుకోండి, దిగిన మెట్రో స్టేషన్‌లోనే బాత్రూమ్ పని ముగించుకుని బయటికి రండి. నాన్న ఒక్కడే పిల్లల్ని తీసుకెళ్తుంటే ఆ పౌచ్ ఆయన బ్యాగులో ఉండాలి, ఎక్కడుందో పిల్లకి తెలిసి ఉండాలి. గట్టి గుడ్డసంచులు రెండు, టోపీలు, చిల్లర, తడి చేతిరుమాలు కూడా. పుస్తకాల దుమ్ముకి చిన్నదానికి తుమ్ములు వస్తాయి, అందుకని తెచ్చినవన్నీ ఒకరోజు బాల్కనీలో ఎండలో పెట్టాకే గదిలోకి.

రేటింగ్ అడిగితే ఐదుకి నాలుగు ఇస్తాను, తగ్గించిన ఆ ఒక్కటీ బాత్రూమ్‌కే. పాడైన సెట్ గురించి తగ్గించలేదు, ఆ తర్వాత కవరు విప్పి చూడటం పిల్లలే నేర్చుకున్నారు. డిసెంబరులో జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి కూడా వెళ్తాం, తెలుగు కొత్త పుస్తకాలకి అదే మేలు. కానీ అది ఏడాదికోసారి, ఇది ప్రతి ఆదివారం.

ఈ వారం పెద్దదానికి బట్టలు కుట్టే పుస్తకం కావాలట, కొలతలూ కటింగులూ ఉన్నది. చిన్నదానికి పిట్టల పుస్తకం, అందులో వడ్రంగిపిట్ట తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మా వెనక వేపచెట్టు మీదికి ఒకటి వస్తోంది. నిన్న రాత్రి దాని నూటయాభై మంచం మీద పరిచి మూడుసార్లు లెక్కపెట్టింది. చాచా ఎక్కువ చెప్తే అక్కని పిలవకూడదని, తనే అడుగుతానని ముందే నాతో ఒట్టు వేయించుకుంది.