కంప్రెసర్ ట్యాంకుకు కరెంటు వాల్వు: ఏడాది వాడిన తరువాత

మా చెక్కపని షెడ్డులో 3 హెచ్‌పీ కంప్రెసర్, దానికి 160 లీటర్ల ట్యాంకు ఉన్నాయి. చప్పుడు భరించలేక దానిని వెనుక గోడ అవతల రేకుల పందిరి కిందకు మార్చిన నాటి నుంచి, సాయంత్రం పని ముగిశాక అక్కడిదాకా వెళ్లి ట్యాంకు వాల్వు కట్టే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. నెయిల్ గన్, స్ప్రే గన్ తగిలించే కప్లర్ల దగ్గర గాలి సన్నగా పోతూనే ఉంటుంది కనుక, 120 పౌండ్ల ఒత్తిడి (పీఎస్ఐ) దగ్గర ఆగిన మోటారు 90కి దిగగానే మళ్లీ అందుకునేది. ఒక ఆదివారం గడియారం పెట్టుకుని చూస్తే ఆ 30 పౌండ్లు దిగడానికి గంటా పది నిమిషాలు పట్టింది. అంటే బయటి మామూలు గాలి లెక్కన ఒక్కో విడతకు సుమారు 330 లీటర్లు వృథా. అర్ధరాత్రి అది డబడబమని మొదలైతే, తెల్లవారేసరికి పక్కింటి పెద్దాయన మా గేటు దగ్గర నిలబడి ఉండేవారు.

మెయిన్ ఆపేస్తే చాలదా అంటారేమో. మోటారు ఆగుతుంది గానీ గాలి పోవడం ఆగదు. పొద్దునకు ముల్లు సున్నా మీద ఉంటుంది, ట్యాంకు నిండేదాకా ఆరేడు నిమిషాలు పనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలి.

అక్కడిదాకా నడవకుండా స్విచ్ వేసి ట్యాంకు కట్టేద్దామని, మొదట 900 రూపాయలు పెట్టి సొలినాయిడ్ వాల్వు (కరెంటు అయస్కాంతంతో తెరుచుకునేది) తెచ్చాను. నాలుగు నెలలు పనిచేసింది. పగలంతా కరెంటు ఉంటేనే తెరుచుకుని ఉండే రకం కావడంతో కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలేది, స్విచ్ వేయగానే గాలి ఒక్కసారిగా దూసుకొచ్చి హోస్ పైపులు ఉలిక్కిపడేవి. చివరకు ట్యాంకులోని తుప్పు పొడి, నీరు కలిసి లోపలి సన్నటి పైలట్ రంధ్రంలో చేరి వాల్వు పూర్తిగా మూసుకోవడం మానేసింది. రోజూ డ్రెయిన్ తిప్పి నీళ్లు వదలకపోవడం మీ తప్పేనని అమ్మిన దుకాణదారు అన్నాడు. ఆ మాటలో సగం నిజం ఉంది.

ఇప్పుడున్నది అరంగుళం ఇత్తడి మోటారు బాల్ వాల్వు, అంటే లోపలి రంధ్రమున్న గుండును చిన్న మోటారు తిప్పేది. ధర 2,650 రూపాయలు, ఒంటి మీద 10 బార్ (సుమారు 145 పౌండ్లు) అని ముద్ర ఉంది. ఇది ఐదారు సెకన్లు తీసుకుని మెల్లగా తెరుచుకుంటుంది, పావు చుట్టు తిరిగాక దాని మోటారు ఆగిపోతుంది కనుక వేడెక్కదు. వీటిలో రెండు రకాలున్నాయి: కరెంటు పోగానే తనంతట తాను మూసుకునేది ఒకటి, ఉన్నచోటే ఆగిపోయే మూడు వైర్లది ఇంకొకటి. నేను రెండోది ఎంచుకున్నాను, ఎందుకంటే మధ్యాహ్నం కరెంటు పోయినా ట్యాంకులో ఉన్న గాలితో మేకులు కొట్టుకోవచ్చు. సాయంత్రం కట్టే వేళకు కరెంటు లేకపోతే మాత్రం వెనక్కి నడిచి వెళ్లి, ట్యాంకు దగ్గరి చేతి వాల్వు కట్టక తప్పదు.

బిగింపు కష్టమేమీ కాదు. ట్యాంకు, చేతి వాల్వు, ఆ తరువాత ఇది, దాని తరువాత గాలిలోని నీటిని వడగట్టి ఒత్తిడిని అదుపు చేసే ఫిల్టర్ రెగ్యులేటర్. ఈ వరుసే సరైనది. పంపుకూ ట్యాంకుకూ మధ్యన గానీ, సేఫ్టీ వాల్వు దారిలో గానీ దీనిని ఎంతమాత్రం పెట్టకూడదు, అక్కడ అది మూసుకుంటే ప్రాణాపాయం. పైపు మరల (థ్రెడ్ల) మీద టెఫ్లాన్ టేపు చుట్టి, స్పానర్‌ను ఇత్తడి పలకల మీదే వేయాలి. మా కుర్రవాడు వాల్వు మోటారు ఉన్న ప్లాస్టిక్ డబ్బాను పట్టుకుని తిప్పబోతే దాని మూత చిట్లింది. ఒకే స్విచ్‌తో కంప్రెసర్ మోటారునూ ఆపుదామనుకున్నాను, కానీ నడుస్తున్న మోటారుకు కరెంటు తీసేస్తే ఒత్తిడిని బట్టి మోటారును ఆపి నడిపే ప్రెషర్ స్విచ్ పక్కన, పంపులో మిగిలిన గాలిని బయటకు వదలడానికి ఉన్న అన్‌లోడర్ గాలి వదలదు, మళ్లీ వేసినప్పుడు మోటారు మూలుగుతూ తిరగలేకపోతుంది. అందుకే వాల్వు స్విచ్ తలుపు పక్కన విడిగా పెట్టించాను. మోటారును మాత్రం 120 దగ్గర తనంతట తాను ఆగాకే ఆపుతాము.

ఇప్పుడు రాత్రి 120 మీద వదిలితే పొద్దున 112 దాకా ఉంటుంది. ఆ ఎనిమిదిలో కొంత, వేడి గాలి చల్లారినందువల్ల తగ్గేదే. పగటి లీకులను మాత్రం ఇది ఏమీ చేయలేదు. వాటికి సబ్బు నురగ పూసి వెతకడమే దారి. కంప్రెసర్ చేతికందే దూరంలో ఉన్నవారు ఇంత డబ్బు పెట్టనక్కరలేదు, మామూలు చేతి వాల్వు చాలు.

ఒక్క విషయం దుకాణంలో ఎవరూ చెప్పలేదు. వాల్వు మూసినా దాని ఇవతలి పైపులో గాలి అలాగే బిగిసి ఉంటుంది. స్విచ్ కట్టేశాం కదా అని రెగ్యులేటర్ గిన్నె విప్పితే అది చేతిలోంచి ఎగిరి రేకుకు తగిలింది. అప్పటి నుంచి ముందు గన్ నొక్కి గాలంతా వదిలాకే ఏదైనా విప్పుతున్నాము.