ఎవరింటికి అని అడిగే గేటు: మా కాలనీలో ఏడు నెలలు వాడాక

మా కాలనీ వాళ్లం మార్చిలో బూమ్ బారియర్లు (రోడ్డుకు అడ్డంగా లేచి దిగే కడ్డీలు, ఆ కడ్డీనే ఆర్మ్ అంటారు), కార్లకు స్టిక్కర్లు, విజిటర్ యాప్, గార్డులు అన్నీ కలిపి ఒకే కంపెనీ దగ్గర తీసుకున్నాం. ఏడు నెలలు వాడాం కాబట్టి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. ఇలాంటి ప్యాకేజీ అమ్మేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, పైగా జరిగినదాంట్లో కొనేముందు అడగాల్సినవి అడగని మా అసోసియేషన్ తప్పు కూడా సగం ఉంది. మీ కాలనీలో కూడా గేటు పెట్టాలన్న మాట నడుస్తుంటే మొత్తం చదవండి.

మాది హైదరాబాద్‌లో నేరేడ్‌మెట్ వైపు పాత లేఅవుట్. 186 ఇళ్లు, లోపలికి మూడు దారులు. ఇది గేటెడ్ కమ్యూనిటీ కాదు, మామూలు కాలనీ. వెనక ఒక బస్తీ ఉంది, ముందు మెయిన్ రోడ్డు, బస్టాపు, గుడి, స్కూలు. బస్తీ వాళ్లు ఇరవై ఏళ్లుగా మా రెండో వీధిలోంచే మెయిన్ రోడ్డుకు నడుస్తారు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే కిలోమీటరు పైనే అవుతుంది. చలికాలంలో వరసగా బైకులు పోయాయి, ఒకామె మెడలో గొలుసు లాక్కెళ్లారు. అందరికీ టెన్షన్ పట్టుకుంది, దాంతో గేట్లు పెట్టాలన్నారు. నేను కూడా చెయ్యెత్తాను.

ముందు సామాను సంగతి. బారియర్లు గట్టివే, ఆర్మ్ మూడు నాలుగు సెకన్లలో లేస్తుంది, కింద బండి ఉంటే దిగకుండా ఆగే సెన్సర్ ఉంది, దాన్ని మేం చాలాసార్లు పరీక్షించాం, ఒక్కసారి కూడా తప్పలేదు. కారు అద్దానికి లోపల, రియర్ వ్యూ మిర్రర్ వెనక అంటించే స్టిక్కర్‌ను గేటు దగ్గరి రీడర్ గుర్తుపట్టి ఆర్మ్ లేపుతుంది, అది బాగా పనిచేస్తుంది, కాకపోతే అద్దానికి మెటల్ కలిసిన సన్‌ఫిల్మ్ ఉంటే రీడర్ పట్టదు, మా వీధిలోనే ముగ్గురికి ఆ ఇబ్బంది వచ్చింది. బైకులకు మాత్రం స్టిక్కర్ దండగ. హెడ్‌లైటు పైన అంటించారు, రెండు వానలకే అంచులు లేచిపోయాయి.

ఇక యాప్. అసలు గొడవంతా ఇక్కడే.

గార్డు చేతిలో ఒక ట్యాబ్ ఉంటుంది. లోపలికి వచ్చే మనిషి ఫోన్ నంబర్ కొట్టాలి, ఓటీపీ రావాలి, ఫోటో తియ్యాలి, తర్వాత "ఏ ఇల్లు" అన్న గడిలో ఇంటి నంబర్ ఎంచుకోవాలి. ఆ ఇంటివాళ్ల ఫోన్‌కు కబురు వెళ్తుంది, వాళ్లు సరే అని నొక్కితేనే ఆర్మ్ లేస్తుంది. ఇంటి నంబర్ గడి ఖాళీగా వదిలితే యాప్ ముందుకు కదలదు. అపార్ట్‌మెంటుకైతే ఇది సరిపోతుంది, ఎందుకంటే అక్కడికి వచ్చే ప్రతి మనిషీ ఏదో ఒక ఇంటికే వస్తాడు.

గేటు మొదలైన నాలుగో రోజు పొద్దున పాల ప్యాకెట్ కోసం వెళ్లి నా కళ్లతో చూసింది చెప్తాను. గుడి దగ్గర పూలమ్మే పెద్దమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. బంతిపూల బుట్ట బారియర్ దిమ్మ మీద పెట్టింది. గార్డు ఒడిశా అబ్బాయి, తెలుగు ఇంకా రాదు, నంబర్ చెప్పమని హిందీలో అడుగుతున్నాడు. ఆమెకు తన నంబర్ నోటికి రాదు. బొడ్లోంచి చిన్న బటన్ ఫోన్ తీసి వెనక్కి తిప్పి చూపించింది. వెనక మూత మీద చిన్న కాగితం ముక్క, దాని మీద బాల్ పెన్నుతో నంబర్, పైన సెల్లోటేపు. మనవడు రాసిచ్చాడట. ఆ అబ్బాయి అది చూసి కొట్టాడు. ఓటీపీ వచ్చింది, ఆమెకు చదవడం రాదు, ఫోన్ అతని చేతికే ఇచ్చింది. ఫోటో తీశాడు. తర్వాత ఎవరింటికి అని అడిగాడు.

"నేనెవ్వలింటికి వోత బిడ్డా, గుడికి వోతున్న" అంది.

ఆ అబ్బాయి ట్యాబ్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. అందులో గుడి లేదు. బస్టాపు లేదు. 186 ఇళ్ల నంబర్లు తప్ప ఇంకేమీ లేవు. చివరికి నా ఇంటి నంబర్ కొట్టమని చెప్పి, నా ఫోన్‌లో నేనే సరే నొక్కి ఆమెను పంపించాను. ఇన్నేళ్లు నడిచిన రోడ్డు మీద ఆమె ఆ రోజు నాకు విజిటర్ అయింది. నాకు చాలా సిగ్గనిపించింది, పాలు పట్టుకుని ఇంటికొచ్చి ఆ మాటే మా ఆవిడకు చెప్పాను.

తర్వాత గార్డులే ఒక దారి కనిపెట్టారు. ఎవరింటికీ కాని వాళ్లందరినీ ప్రెసిడెంట్ గారి ఇంటి నంబర్ మీద పంపడం మొదలుపెట్టారు. ఆయన ఫోన్ రోజంతా మోగేది, ఆయన ఆఫీసు మీటింగ్‌లో ఉంటే బస్తీ స్కూలు పిల్లలు గేటు బయటే నిలబడేవాళ్లు. కూరగాయల బండి ఆయన రావడం మానేశాడు. చెత్త ఆటోకు మాత్రం అడగకుండా ఆర్మ్ లేపేవాళ్లు.

అప్పుడు నేను లేఅవుట్ కాగితాలు తీసి చూశాను. మా రోడ్లు, పార్కు స్థలం ఎప్పుడో గిఫ్ట్ డీడ్ చేసి, అంటే ఉచితంగా రాసిచ్చి, ప్రభుత్వానికి అప్పగించినవే, అంటే ఇప్పుడవి కార్పొరేషన్‌వి. సీసీ రోడ్డు వేసింది, వీధి దీపాలు పెట్టింది, మ్యాన్‌హోల్ పూడిక తీసేది వాళ్లే. జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) చట్టం 1955లో సెక్షన్ 402 వీధికి అడ్డంగా ఏదీ కట్టకూడదు, పెట్టకూడదు అంటుంది, సెక్షన్ 405 అలా పెట్టినదాన్ని నోటీసు లేకుండా తీసేసే అధికారం కమిషనర్‌కు ఇస్తుంది. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక కాలనీల మధ్య రోడ్లకు అడ్డంగా కట్టిన గోడలు కూల్చిన వార్తలు అందరం చదివాం. అసలు గేటెడ్ వెంచర్ల విషయంలోనే, 2012 నాటి జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం పెద్ద సైట్లలో కట్టేవాళ్లు లోపలి భూములకు దారి కోసం ఒక పక్కన 9 మీటర్ల పబ్లిక్ రోడ్డు వదలాలి. వాళ్లకే ఆ నియమం ఉంటే, రోడ్డు మనది కాని మనం దానికి తాళం ఎలా వేస్తాం?

ఇంకో మాట ఈ వైపు ఉండేవాళ్లకు బాగా తెలుసు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో సైన్యం రోడ్లు మూసేయడం మీద మన వాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు, ర్యాలీలు తీశారు. 2018 మేలో రక్షణ శాఖ ఆ రోడ్లు తెరవాలని చెప్పినప్పుడు మా కాలనీలో స్వీట్లు పంచుకున్నాం. జూన్ మీటింగ్‌లో నేను ఈ మాటే గుర్తు చేశాను. కొంతమందికి కోపం వచ్చింది, "అది వేరు, ఇది వేరు సార్, మనకు పిల్లలున్నారు" అన్నారు. పిల్లలు నాకూ ఉన్నారు.

నిజానికి మీటింగ్‌లో అందరి మనసూ మార్చింది నా కాగితాలు కాదు, మేలో గాలివాన వచ్చిన రాత్రి. ఆ రోజు తొమ్మిదింటికి కరెంటు పోయింది. బారియర్ యూపీఎస్ రెండు గంటలు లాగి ఆగిపోయింది, ఆర్మ్ దిగిన చోటే ఉండిపోయింది. కరెంటు లేనప్పుడు చేత్తో లేపడానికి ఒక తాళంచెవి ఉంటుంది. అది సెక్రటరీ గారి ఇంట్లో డ్రాయర్‌లో ఉందని ఆ రాత్రి డ్యూటీలో ఉన్న గార్డుకు తెలియదు. వెనక గేటుకు పాత ఇనుప తాళం. మా మూడో ఇంటి అంకుల్‌కు ఛాతీలో నొప్పి వచ్చింది, 108 పన్నెండు నిమిషాల్లో వచ్చి ఆ ఆర్మ్ ముందు ఆగింది. వాళ్లు ఒక్క క్షణం కూడా వాదించలేదు, స్ట్రెచర్ దింపి చీకట్లో నడిపించుకుంటూ వచ్చారు, నూట యాభై మీటర్లు. ప్రతి మ్యాన్‌హోల్ మూత దగ్గర ఆ చక్రాలు ఎగిరి పడుతుంటే నేను టార్చి పట్టుకుని పక్కన నడిచాను, ఆంటీ చెప్పులు కూడా లేకుండా వెనక వచ్చింది. అంకుల్ ఇప్పుడు బాగానే ఉన్నారు, సాయంత్రాలు పార్కులో నడుస్తున్నారు. కానీ ఆ నడక తల్చుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే.

మా బాబాయి కొడుకు దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడ దొంగతనాల భయం మనకంటే ఎంతో ఎక్కువ, బూమ్ గేట్లు పెట్టిన పబ్లిక్ వీధులు బోలెడు. ఫోన్‌లో మాట్లాడుతూ ఈ సంగతి చెప్తే, అక్కడ దీనికి 1998 నాటి గౌటెంగ్ ప్రావిన్స్ (ఆ నగరం ఉన్న రాష్ట్రం) చట్టం ఉందన్నాడు. నగరపాలక సంస్థ దగ్గర అనుమతి తీసుకోవాలి, అది రెండేళ్లకే, తర్వాత మళ్లీ దరఖాస్తు. గార్డు చూడొచ్చు, బండి నంబర్ రాసుకోవచ్చు, కానీ పేరు చెప్పమని, సంతకం పెట్టమని, బండి సోదా చేస్తానని బలవంతం చెయ్యకూడదు, ఎవరినీ వెనక్కి పంపకూడదు. నడిచేవాళ్లకు దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. మన దగ్గర ఇంత వివరంగా రాసిన రూలు లేదు కాబట్టి అదే నమూనాగా పెట్టుకుని మా రూల్స్ రాసుకున్నాం.

ఇప్పుడు మా దగ్గర ఇలా నడుస్తోంది. పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా మూడు దారుల్లోనూ ఆర్మ్ పైకే ఉంటుంది, స్టిక్కర్ ఉన్నా లేకపోయినా ఎవరైనా రావచ్చు. రాత్రి పదకొండు తర్వాత రెండు దారుల్లో ఆర్మ్ దించుతారు, ఒక్కోచోట ఒక గార్డు, బండి రాగానే లేపాలి, నంబర్ మాత్రం నోట్ చేసుకోవాలి. ఎవరింటికి అన్న ప్రశ్న లేదు. స్టిక్కర్ ఉన్న కారుకు ఆర్మ్ దానంతటదే లేస్తుంది, అంతే తేడా. నడిచేవాళ్లకు, సైకిళ్లకు, తోపుడు బండికి పక్కన నాలుగడుగుల దారి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. వెనక గేటు తాళం తీసేశాం, రెక్కలు కూడా ఊడదీసి పార్కు గోడకు ఆనించాం. కరెంటు పోతే గార్డు చేయాల్సిన మొదటి పని ఆర్మ్ పైకి లేపి పెట్టడం, ఆ తాళంచెవి ఇప్పుడు క్యాబిన్‌లో మేకుకు ఎర్ర రిబ్బన్‌తో వేలాడుతోంది. ఇవన్నీ తెలుగులో, హిందీలో బోర్డు రాయించి పెట్టాం. వార్డు ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చాం, వాళ్లు తీసేయమంటే తీసేస్తామని కూడా అందులో రాశాం.

ఈ మార్పుకు కంపెనీ సపోర్ట్ వాళ్లు సహకరించారా అంటే, మొదట లేదు. "సార్, ఇల్లు లేకుండా ఎంట్రీ పడదు, సిస్టమ్ అలాగే ఉంది" అని రెండు వారాలు అదే మాట. మూడోసారి వచ్చిన అమ్మాయి మాత్రం శ్రద్ధగా విని, "దారి" అన్న పేరుతో ఒక ఉత్తుత్తి ఇల్లు సృష్టించి, దానికి ఆటో అప్రూవల్ పెట్టి, ఫోన్ నంబర్ గడి తప్పనిసరి కాకుండా చేసింది. అరగంట పని. అదే మార్చిలో చేసి ఉంటే ఆ పెద్దమ్మ గేటు దగ్గర నిలబడేది కాదు.

డబ్బు లెక్క కూడా చెప్తాను, ఎందుకంటే మీటింగుల్లో చివరికి అందరూ అడిగేది అదే. ముందు మూడు గేట్లకు రెండు షిఫ్టులు, ఆరుగురు గార్డులు, ఒక్కొక్కరికి నెలకు 17,000 చొప్పున 1,02,000 అయ్యేది. యాప్‌కు ఇంటికి 25, అంటే 4,650. ఇంటికి 600 వసూలు చేసేవాళ్లం, కట్టనివాళ్లతో ప్రతి నెలా తగువు. ఇప్పుడు రాత్రి ఇద్దరు, పగలు తిరిగే గార్డు ఒకరు, మొత్తం 51,000. ఇంటికి 350 తీసుకుంటున్నాం, మిగిలింది కెమెరాల రిపేర్లకు పోతోంది. పోలీసుల "నేను సైతం" కార్యక్రమం కింద కూడళ్లలో పెట్టుకున్న కెమెరాలు మాకు ముందే ఉన్నాయి, రెండు పనిచెయ్యకపోతే ఈ డబ్బుతోనే బాగుచేయించాం. గేటు తెరిస్తే మళ్లీ దొంగతనాలు అంటారేమో, ఈ ఏడు నెలల్లో పోయింది ఒక్క బైకు, అదీ ఓటీపీ రూలు ఉన్న ఏప్రిల్‌లోనే. ఒక్క బైకుతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు, కానీ అడిగేవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

ఎవరైనా కొనేవాళ్లుంటే డెమోకు వచ్చిన సేల్స్ అతన్ని ఒక్కటి చేసి చూపించమనండి: మీ కాలనీలో ఏ ఇంటితోనూ సంబంధం లేని మనిషి, ఫోన్ లేకుండా, మీ వీధిలోంచి అవతలికి ఎలా వెళ్తాడో అతని ట్యాబ్‌లోనే చూపించమనండి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి ఆర్మ్ చేత్తో లేపమనండి. మాకు ఈ రెండూ చూడాలని తట్టలేదు.

నా రేటింగ్: బారియర్లకు నాలుగు, గార్డులకు నాలుగు, ఆ కుర్రాళ్లు మర్యాదగా ఉంటారు. యాప్‌కు రెండు. ఒకటి ఇంకా తేలలేదు. మార్చి నుంచి జూన్ దాకా బస్తీ వాళ్ల ఫోటోలు, ఫోన్ నంబర్లు వేలకొద్దీ ఆ కంపెనీ సర్వర్‌లో ఉన్నాయి. వాటిని చెరిపేయమని, చెరిపినట్టు రాసివ్వమని 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పేరు చెప్పి రెండు మెయిళ్లు పెట్టాం. "పైవాళ్లకు పంపాం సార్" అన్న జవాబు తప్ప కాగితం రాలేదు. వచ్చే నెలలో కాంట్రాక్టు రెన్యువల్ ఉంది, ఆ కాగితం చేతికి వస్తేనే సంతకం పెట్టాలని కమిటీలో తీర్మానం చేశాం. ఏమైందో ఇక్కడే కింద రాస్తాను.