రాంభావు మ్హాళగీ ప్రబోధిని: మన ధర్మాబాద్ వాళ్ళు వెళ్ళొచ్చా?

ముంబై దగ్గర ప్రజాప్రతినిధులకి శిక్షణ ఇచ్చే ఈ ప్రబోధినికి వెళ్ళొచ్చా అని, మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మన ధర్మాబాద్ వైపు పంచాయతీకి కొత్తగా గెలిచిన మనవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే, వెళ్ళండి, కానీ ఎవరి గడపలోకి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్ళండి. 1982లో పెట్టిన ఈ సంస్థ సంఘ్ (ఆరెస్సెస్) భావజాలం నుంచి పుట్టింది, పేరే బీజేపీకి ముందున్న జనసంఘ్ పార్టీ నాయకుడు రాంభావు మ్హాళగీది. రెండోవైపు వాదన కావాలంటే వేరే చోట వెతుక్కోవాలి.

మ్హాళగీ గారి సంగతి మాత్రం చెప్పుకోవాలి. 1977లో, 1980లో థానే నుంచి ఎంపీగా గెలిచిన ఆయన, తాను చేసిన పనికి ఏటా లెక్క రాసి ఓటర్ల ముందు పెట్టేవారట. మన దగ్గరేమో గ్రామసభ రిజిస్టర్‌లో ముందే సంతకాలు, సభ తర్వాతెప్పుడో, గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ నీళ్ళ మాటెత్తితే "చూద్దాంలే అన్నా" అని జారుకోవడం. ఈ ఒక్క అలవాటు నేర్చుకొచ్చినా చాలు, పార్టీ ఏదైతేనేం!

ఎమ్మెల్యేలు, కార్పొరేటర్లు, పంచాయతీ సభ్యులు, అందరికీ అక్కడ శిక్షణ ఉంటుంది, ఉండి నేర్చుకునే పద్ధతి. మరాఠీ మీడియంలో చదివినవాళ్ళకి భాషతో టెన్షన్ లేదు. ప్రయాణమే పెద్ద పని: రాత్రంతా దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని ముంబై దాదర్‌లో దిగి, లోకల్ మారి భయందర్, అక్కణ్ణుంచి మళ్ళీ సముద్రం పక్కన ఉత్తన్. మిర్చి సీజన్‌లో మన మార్కెట్ వదిలి ఎవడెళ్తాడు చెప్పండి?

డిగ్రీ అయిన కుర్రాళ్ళకి 2017లో మొదలైన తొమ్మిది నెలల నాయకత్వ కోర్సు ఉంది. ఫీజు ముందే కనుక్కోండి.

నా రేటింగ్: 5కి మూడున్నర.